అక్క పేరున్న సీల్డ్ కవర్

"ఈసారి నీకు మారువేషం లేదు," అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ ముద్ర అలవాటుగా చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పదకొండేళ్ల సర్వీసులో బిచ్చగాడయ్యాడు, బ్యాంకు మేనేజరయ్యాడు, ఒకసారి ఏకంగా మూగవాడై మూడు వారాలు నోరు విప్పలేదు. సొంత మొహంతో మాత్రం ఎప్పుడూ డ్యూటీకి వెళ్లలేదు.

"మరి ఎవరిగా వెళ్లాలి సార్?"

"తమ్ముడిగా. క్యాన్సర్ హాస్పిటల్, ఐదో అంతస్తు, కొత్త మందు ట్రయల్లో పేషెంట్ నంబర్ వన్. మీ అక్క."

ముద్ర కుర్చీలో కదల్లేదు. కదిలితే మొహం కూడా కదులుతుందని భయం.

పెద్దాయన ఫైలు తిప్పాడు. "అక్కడి డాక్టరమ్మ తయారుచేసిన మందు సీసా మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది. అసలుది కొట్టేసి, దాని స్థానంలో నకిలీది పెడతారు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. కానీ నకిలీలో ఉన్న జీన్ పాడైపోయింది. పేషెంట్‌కి ఎక్కిస్తే మేలు మాట దేవుడెరుగు, ట్రయల్ మూతపడుతుంది. ఏడాది తర్వాత అదే మందు వాళ్ల పేరుతో బయటికొస్తుంది. ఇంజెక్షన్ ఇవాళ పదకొండింటికి."

టెక్నీషియన్ ఒక పెన్ను అందించాడు. "ఒకసారి నొక్కితే నీలం లైటు. అసలు మందు పెట్టి సీల్ వేసే పౌచ్ మీదా, లోపలి సీసా మీదా కంటికి కనపడని చుక్క పెట్టాం. లైటు పడితే పచ్చగా మెరుస్తుంది. రెండుసార్లు మాత్రం నొక్కకండి గురూగారూ. ఎదుటివాళ్లకి పది నిమిషాలు పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి."

"పౌచ్ చూస్తే చాలు. సీల్ ముట్టుకోకు," అన్నాడు పెద్దాయన. "గడ్డకట్టించిన మందది, ముందే విప్పి బయటి వేడి తగిలిందా, ఆ డోసు చెత్తబుట్టకే. మీ అక్కకి ఇంకో డోసు లేదు. లోపల మన మనిషి ముత్యం ఉంటుంది. ముఠా జీతం తీసుకుంటూ మనకి కబుర్లు చేరవేసే పిల్ల. సీల్ విషయంలో నీకు చెప్పక్కర్లేదనుకో."

చెప్పక్కర్లేదు. అతనికి ముద్ర అని పేరు పెట్టిందే అందుకు. తన పేరు లేని సీల్డ్ కవర్ని ప్రాణం పోయినా విప్పడు. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆ మాట గర్వంగా చెప్పుకునేది. ఆ మాట ఎత్తగానే ముద్ర టాపిక్ మార్చేసేవాడు.

ఎందుకంటే, రెండేళ్ల కిందట వాళ్ల నాన్న క్యాన్సర్‌తో పోయాక, అక్కాతమ్ముళ్లిద్దరూ జీన్ టెస్ట్ చేయించుకున్నారు. రిజల్ట్ తెచ్చే పని ముద్రది. ఆరోజు అతను గొడుగుల సేల్స్‌మన్ వేషంలో ఉన్నాడు. ల్యాబ్‌లో రెండు కవర్లిచ్చారు. తనది అక్కడే విప్పాడు. ఏమీ లేదు, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అక్కది కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి కొత్త ఆర్డరు, కొత్త వేషం, విమానం. కోటు వేషాల స్టోర్‌కి వెళ్లిపోయింది. ఎనిమిది నెలల తర్వాత స్టోర్ గుమాస్తా అదే కోటు ముద్రకి మళ్లీ తొడిగితే జేబులో కరకరమంది.

అక్కకి మాత్రం, "ల్యాబ్ వాళ్లు లేట్ చేశారు" అని చెప్పాడు. అప్పటికే అక్క ఒంట్లో గడ్డ ఉంది.

*

"ఒరేయ్, నువ్వేనా? ఎవరో కొత్త మనిషనుకున్నా!" అక్క మంచం మీంచి లేవబోయింది. "నిన్ను నీలాగా చూసి ఎన్నేళ్లయిందిరా! బట్టతల వచ్చేస్తోందే!"

"నీ ఆరోగ్యం చూసుకోవే తల్లీ, నా జుట్టు సంగతి తర్వాత."

డాక్టరమ్మ నవ్వుతూ చార్టు రాసుకుంటోంది. కళ్లద్దాలు తల మీద పెట్టుకుని వాటికోసమే వెతుక్కునే రకం.

"ఈ మందేంటో నాకు మళ్లీ చెప్పండి డాక్టరుగారూ, వీడూ వింటాడు," అంది అక్క.

"సింపుల్ అమ్మా. ప్రతి కణంలో ఒక కాపలా జీన్ ఉంటుంది. కణం రెండుగా చీలబోయే ముందు, 'ఆగు, ముందు చూడనీ' అంటుంది. డీఎన్ఏలో చిరుగుంటే కుట్టించి పంపిస్తుంది. కుట్టు పడకపోతే ఆ కణాన్నే చచ్చిపొమ్మంటుంది. ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వదు. అలాంటి కాపలా కాపీలు రెండుంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి."

"మా నాన్న ఇచ్చినవాడు పుట్టుకతోనే నిద్రమొహం," అంది అక్క.

"అవును. అమ్మ ఇచ్చినవాడు నలభై ఏళ్లు ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. ఒకే ఒక్క కణంలో వాడూ పడిపోయాడు. అంతే, ఆపేవాళ్లు లేరు. ఇప్పుడు మేం హానిచేయని వైరస్‌లో మంచి కాపీ ఒకటి పెట్టి గడ్డలోకి పంపుతాం. వెళ్లి కాపలా కాయమని."

"ముందే తెలిసుంటే?" ముద్ర నోరు జారింది.

"ఆర్నెల్లకోసారి స్కాన్ చేసేవాళ్లం. చిన్నగా ఉండగానే తీసేసేవాళ్లం. అప్పుడు ఈ ట్రయల్ అవసరమే వచ్చేది కాదు."

అక్క తమ్ముడి వైపు చూసింది. ముద్ర కిటికీ వైపు చూశాడు. కిటికీలో కార్ల పార్కింగ్ తప్ప ఏమీ లేదు. ఆ కార్లే లెక్కపెట్టాడు.

*

పది నలభై. లిఫ్ట్ ముందు తెల్లకోటు, మెడలో ముత్యాల దండ, చేతిలో స్టీలు ఫ్లాస్క్. పేషెంట్ కౌన్సెలర్ అని బ్యాడ్జి.

"ఈ లిఫ్ట్ పైకి వెళ్తుందా?" అన్నాడు ముద్ర. కోడ్.

"ఎంత పైకెళ్లినా చివరికి కిందికే రావాలి," అంది ముత్యం. కోడ్ సరిపోయింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకి ఇటు డిపార్ట్‌మెంటూ అటు ముఠా విడివిడిగా జీతాలిస్తున్నాయి.

"ముఠా మనిషెవడు?"

"ఇంకా రాలేదు. నకిలీ పౌచ్‌తో వస్తాడు. నువ్వు పౌచ్ మీద చుక్క చూసుకో, చాలు. చుక్క ఉంటే కళ్లు మూసుకుని లోపలికి పంపెయ్."

"సీల్ చేసేటప్పుడు చూశావా?"

"పక్కనే ఉన్నా. ఫార్మసిస్టు సంతకం పెట్టాడు, నర్సు సంతకం పెట్టింది. అయినా నువ్వు సీల్ విప్పే రకం కాదుగా, నీకెందుకు?" కన్ను గీటింది. "కాఫీ తాగుతావా? అయ్యో, ఖాళీ చేసేశా."

ఫ్లాస్క్ మూత చుట్టూ తెల్లటి పొడిలాంటిదేదో అంటుకుని ఉంది. పంచదారేమో అనుకున్నాడు ముద్ర.

*

పది యాభై ఏడు. నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో పౌచ్. దానిమీద అక్క పేరు, కింద రెండు సంతకాలు, ఎర్రటి సీల్. ప్రొసీజర్ రూమ్ గోడకి చిన్న కిటికీ ఉంది. పౌచ్ అందులో పెడితే అవతల డాక్టరమ్మ తీసుకుంటుంది. ఆ తర్వాత ఇవతలివాళ్ల పని ఏమీ ఉండదు.

ముద్ర పెన్ను నొక్కాడు. చుక్క పచ్చగా మెరిసింది.

"వెళ్లండి సిస్టర్."

నర్సు కిటికీ తలుపు లాగింది. ముద్ర కళ్లు మాత్రం అక్క పేరు మీదే ఉండిపోయాయి. సీలు వేసిన కవరు, దానిమీద అక్క పేరు. మళ్లీ అదే. మళ్లీ తను విప్పకుండా, పద్ధతిగా, బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

"సిస్టర్, సంతకం పెట్టేముందు లోపల సీసా చూశారా?"

"ఫార్మసిస్టుగారు చూసే ఉంటారు కదండీ, ఆయన సంతకం అప్పటికే ఉంది."

"ఆయన చూశాడా?"

"నేను చూస్తాననుకుని ఉంటారు," అంది నర్సు. అంటూనే ఆమె మొహం పాలిపోయింది.

ముత్యం మాట గుర్తొచ్చింది. నువ్వు సీల్ విప్పే రకం కాదుగా. ఆ తెల్లటి పొడి పంచదార కాదు. మంచు. కాఫీ ఫ్లాస్క్‌కి మంచెందుకు పడుతుంది?

పొరపాటైతే అక్కకున్న ఒక్క డోసూ తన చేతులారా చెత్తబుట్టలో వేసినట్టే. ముద్ర పౌచ్ లాక్కుని అడ్డంగా చింపేశాడు.

నర్సు కెవ్వుమంది. సీసా మీద నీలం లైటు పడింది. చుక్క లేదు.

అప్పటికే పరుగు. కారిడార్, మలుపు, ఒక చక్రాల కుర్చీ, "కళ్లు కనపడవా!" అని ఒక తిట్టు. లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. భుజం అడ్డం పెట్టి దూరాడు. లోపల ముత్యం ఒక్కతే. నాలుగు. మూడు. ముద్ర ఎర్ర బటన్ గుద్దాడు. లిఫ్ట్ రెండంతస్తుల మధ్య గక్కున ఆగింది.

"విప్పావా!" ముత్యం నిజంగానే ఆశ్చర్యపోయింది. చేతిలోకి లిప్‌స్టిక్ అంత పిస్టల్ వచ్చింది. "నీ రికార్డు చూసే కదా ఈ ప్లాన్ వేసింది! పదకొండేళ్లలో ఒక్క కవరూ చింపలేదే నువ్వు!"

"చింపి ఉండాల్సింది. ఒకటి," అన్నాడు ముద్ర.

కళ్లు మూసుకుని పెన్ను రెండుసార్లు నొక్కాడు.

*

ఫ్లాస్క్‌లోని సీసాలో మందు ఇంకా గడ్డకట్టే ఉంది. చుక్క మెరిసింది. ఈసారి ఫార్మసిస్టు, నర్సు, డాక్టరమ్మ ముగ్గురూ సీసాని చేత్తో పట్టుకుని, నంబరు పైకి చదివి, అప్పుడు సంతకాలు పెట్టారు. ఇంజెక్షన్ పదకొండు యాభైకి పూర్తయింది. పనిచేస్తుందో లేదో రెండు నెలలాగి స్కాన్‌లో చూడాలంది డాక్టరమ్మ.

ముద్ర మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ల్యాబ్ వాళ్లు లేట్ చేయలేదే. కవరు నా దగ్గరే ఉండిపోయింది. ఎనిమిది నెలలు. కోటు జేబులో."

అక్క అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ల్యాబ్ వాళ్లు నాకూ ఫోన్ చేశార్రా. 'మీ తమ్ముడు తీసుకెళ్లాడు' అన్నారు. చెడ్డ కబురైతే నువ్వే పరిగెత్తుకొస్తావులే అనుకున్నా. అడగాలంటే భయమేసింది. నువ్వు నామీద, నేను నీమీద వేసి కూర్చున్నాం."

"నీ తప్పేం లేదే."

"లేదనలేదు. నీది లేదని కూడా అనట్లేదు." ఆ మాట మెత్తగానే అంది. తగలాల్సిన చోట తగిలింది. చెయ్యి మాత్రం అతని చేతి మీంచి తీయలేదు.

సాయంత్రం డిపార్ట్‌మెంట్ నుంచి మనిషొచ్చి ముద్ర పేరున్న సీల్డ్ కవరొకటి ఇచ్చి వెళ్లాడు. లోపలేముందో ముద్రకి తెలుసు. ఇతరుల పేరున్న సీల్డ్ కవర్ చింపినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో. రూల్ నంబర్ తొమ్మిది. మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

అక్క చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. నీ జేబులో పెడితే వచ్చే ఏడాది తేలుతుంది."