రోజులు లెక్కపెట్టే గది

ఆ లాయరు ఆఫీసులో మూడో అంతస్తు చివర పాత ఫైళ్ల గది ఒకటుంది. చీకటి పడ్డాక ఆ వైపు ఎవరూ పోరు. గుమస్తా అయితే పట్టపగలు కూడా గుమ్మం బయటే నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాచి ఫైలు లాక్కొస్తాడు. అంతలేసి మీసాలున్న మనిషి మరి.

ఎప్పుడో ఒక లాయరు అప్పీలు గడువు దాటిపోనిచ్చాడట. ఆ దిగులుతోనే పోయాడట. గడువు దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకీ కోర్టుకి కారణం చెప్పుకోవాలి. ఆయన ఇప్పటికీ ఆ గదిలో కూర్చుని చెప్పుకుంటూనే ఉన్నాడట — ఒకటో రోజు... రెండో రోజు...

చేరిన కొత్తలో ఈ కథ విని జూనియర్ లాయరమ్మ పగలబడి నవ్వింది. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె కూడా గడువు దాటిపోనిచ్చింది. పద్నాలుగు రోజులు. కుట్టుమిషను మీద బతికే ఒక ముసలామె ఇల్లు దక్కాలంటే ఆ అప్పీలే దిక్కు. జూనియర్‌ది బద్ధకం కాదు. ఫైలు ముందు పెట్టుకుంటే చాలు, అక్షరాలు అలుక్కుపోయేవి. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. ఇంట్లో అమ్మకి చెప్పలేదు. సీనియర్‌కి అసలే చెప్పలేదు. ఆయన కేకలకి జడిసి అందరూ చాటుగా 'పిడుగు' అంటారు.

తీర్పు నకలు ఆ గదిలోనే ఉంది. పొద్దున్నే అప్పీలు వెయ్యకపోతే ఇంకో రోజు, ఇంకో కారణం. అందరూ వెళ్లేదాకా ఆగి, ఆలస్యానికి కారణం రాసుకున్న కాగితం సంచిలో పెట్టుకుని, ఒక్కతే మెట్లెక్కింది.

వరండాలో లైటు వెలగలేదు. ఫోను వెలుగులో నాలుగడుగులు వేసింది... ఐదు... గది తలుపు ఓరగా ఉంది.

లోపల — ఎవరిదో గొంతు.

"ఒకటో రోజు... ఫైలు తెరిచాను. మూసేశాను."

ఆమె కాళ్లు అక్కడే పాతుకుపోయాయి.

"రెండో రోజు... తెరవలేదు. మూడో రోజు... ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

ఫోను వెలుగు ఆర్పేసింది. ఆ గొంతు చెబుతున్నవి అచ్చంగా తన రోజులే. ఎవరికీ చెప్పనివి.

"తొమ్మిదో రోజు... మంచం దిగలేకపోయాను. పదో రోజు... బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంట్లో వినబడకూడదని..."

పారిపోదామనుకుంది. కానీ ముసలామె ఇల్లు... పళ్లు బిగించి తలుపు తోసింది.

కిటికీలోంచి వీధిదీపం వెలుగు పడుతోంది. ఫైళ్ల కట్టల మధ్య, నేల మీద ఒక మనిషి. మెల్లగా తలెత్తాడు.

పిడుగు!

"సార్..."

"తలుపు దగ్గరగా వెయ్యమ్మా," అన్నాడాయన గుసగుసగా. కళ్లు తడిగా ఉన్నాయి, ఒళ్లో ఏదో కేసు కట్ట. "గడువు ఇరవై రెండు రోజులు దాటిపోయింది... నాకు. కోర్టులో ఎలా చెప్పుకోవాలో ఇక్కడ ఒకసారి పైకి అనుకుని చూస్తాను. ఏళ్ల తరబడి ఇదే అలవాటు."

"మరి... ఆ దెయ్యం?"

"నేనే పుట్టించాను. లాయరన్నవాడికి ఏడవడానికి ఒక గది ఉండాలి కదమ్మా."

ఆమె ఆయన పక్కనే చతికిలబడింది.

"నాది పద్నాలుగు సార్," అంది. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అన్నాక ఏడుపు ఆగలేదు. ఆయన ఊరుకోమని అనలేదు. ఆ ఊరుకోమనకపోవడమే ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది.

చాలాసేపటికి ఆయన అడిగాడు: "కారణం ఏం రాశావు?"

"టైఫాయిడ్ అని. సర్టిఫికెట్టు ఇచ్చే మనిషి దొరికాడు."

"నేను పచ్చకామెర్లు రాశాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె సంచిలోంచి తీసిన కాగితం అందుకుని టైఫాయిడ్ కొట్టేశాడు. తన కట్టలోని కాగితంలో పచ్చకామెర్లూ కొట్టేశాడు.

"పొద్దున ముందు మనసు చూసే డాక్టరు దగ్గరికి, ఆ తర్వాతే కోర్టుకి. ఇద్దరం వెళ్దాం," అన్నాడు. "ఈసారికి నిజం సర్టిఫికెట్టే తెచ్చుకుందాం."