చూడకుండా వేసిన వేలిముద్ర

కొరిన్ ఆ పొద్దున మళ్ళీ గుడ్లు మాడ్చింది.

"ఆ పెనంతో నీకేం పగే?" అంది తల్లి వెర్నా, బల్ల దగ్గర కాఫీ తాగుతూ. "భయమేస్తోందని చెప్పు, ఒప్పుకుంటాను. దాన్ని గుడ్ల మీద చూపించకు."

భయం మామూలుగా లేదు. పదకొండింటికి యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. రోగిని తనే పరీక్షించి మందు రాసివ్వగలిగే పెద్ద నర్సు చదువు అది. కొరిన్ పనిచేసే వృద్ధాశ్రమంలో నొప్పితో మూలిగేవాళ్ళకి డాక్టరు ఫోనులో పలికేదాకా మందుండదు. అది చూడలేకే నలభై ఆరేళ్ళ వయసులో ఈ సీటుకి ఆశపడింది. కానీ అక్కడ ముందుగా అడిగేదేమిటో ఆమెకు తెలుసు. రాష్ట్ర నర్సింగ్ బోర్డు నీ లైసెన్సు మీద చర్య ఎందుకు తీసుకుంది?

ఆ జవాబు ఆమె ఏళ్ళ తరబడి తల్లికి తప్ప ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. కూతురు టెస్‌కి అసలే చెప్పలేదు. చిన్నపిల్ల కదా అని, ఆసుపత్రిలో వార్డు మూసేయడంతో తన ఉద్యోగం పోయిందని అప్పట్లో నమ్మించింది. ఆ పిల్ల ఇప్పుడు తనూ నర్సయింది.

"వెళ్ళకే," అంది వెర్నా. "మానిన గాయాన్ని కెలుక్కోవడం దేనికి?"

"రానని ఫోన్ చేసేద్దామనే ఉందమ్మా."

ఇంతలో టెస్ నైట్ డ్యూటీ నుంచి వచ్చింది. బూట్ల మంచు గుమ్మంలో దులిపి, బల్ల మీది బిస్కెట్టు నోట్లో కుక్కుకుంది.

"రాత్రంతా ఊపిరి సలపలేదు. నాతో డ్యూటీలో కిర్బీ లేకపోతే చచ్చేదాన్ని. పాపం, తనకీ తీరిక లేదు. మిగిలిన నొప్పి ఇంజక్షను పారబోసేశానంది, నేను అటే పోతూ మందుల మెషిను మీద వేలు ఆనించేసి పరిగెత్తా."

కొరిన్ చేతిలో గరిట ఆగిపోయింది. రోగికి ఇవ్వగా మిగిలిన మత్తుమందును రెండో నర్సు కళ్ళెదుటే పారబోయాలి. చూశానని ఆ రెండో నర్సు వేలిముద్ర వేయాలి.

"పారబోస్తుంటే చూశావా?"

"చెప్పింది కదా."

"నీ కళ్ళతో చూశావా?"

"అబ్బా, అందరూ చేసేదేనమ్మా! వృద్ధాశ్రమంలో కూర్చునేదానివి, మా హడావిడి నీకేం తెలుసు?"

"కొరిన్, వద్దు," అంది వెర్నా గబుక్కున.

 కొరిన్ స్టవ్ ఆపి కూతురి ఎదురుగా కూర్చుంది.

"నీ పుట్టినరోజులకి కేకు తెచ్చేదే, నాతో పనిచేసిన నర్సు జెనెల్, గుర్తుందా? దాని కోసం నేనూ అలాగే వేలు ఆనించాను. ఒక్కసారి కాదు. అది మందు పారబోయలేదే, జేబులో వేసుకుంది. అది చాలక రోగికివ్వాల్సింది కూడా తనే వాడేసుకుంది. తుంటి విరిగిన ముసలాయన ఒకాయన రాత్రంతా అరిచాడు. మందు పడింది కదా, ఇంకా ఈ గోలేంటని ఆయన్ని విసుక్కున్నాను. విసుక్కున్నానే, టెస్!"

టెస్ ముఖం పాలిపోయింది. "అయితే వార్డు మూసేయలేదా?"

"లేదు. నన్నే ఉద్యోగంలోంచి పంపేశారు. రెండేళ్ళు బోర్డు నిఘాలో పనిచేశాను. వాళ్ళ సైట్లో నా పేరు కొడితే ఇప్పటికీ కనపడుతుంది."

"నీ పేరు కొట్టి చూడాల్సిన అవసరం నాకెప్పుడొచ్చిందమ్మా?"

ఆ మాటకి కొరిన్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు.

"నా లైసెన్సు పోతుందా?" టెస్ చిన్నపిల్లలా ఏడ్చేసింది. "మొన్న వేసవిలోనే కదా వచ్చింది!"

పోదని చెప్పాలని కొరిన్ ప్రాణం కొట్టుకుంది. కానీ చెప్పలేకపోయింది. తెలియని దాన్ని తెలుసని చెప్పడం వల్లే ఇదంతా వచ్చింది.

"ఏం పోదు," అంది వెర్నా. "నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"నేను మూసుకున్నాను కదమ్మా ఇన్నేళ్ళు. నిజం తెలిసుంటే ఇది ఆ పని చేసేదా?" కొరిన్ కూతురి చెయ్యి పట్టుకుంది. "కిర్బీ మంచిదే కావచ్చు. నిజంగానే పారబోసి ఉండొచ్చు. దాని మీద నిందేమీ వేయకు. నేను చూడలేదు అని హెడ్ నర్సుకి చెప్పు, చాలు."

టెస్ ముక్కు తుడుచుకుని ఫోను తీసింది. "మరి నీ ఇంటర్వ్యూ?"

"వెళ్తాను. నీకే చెప్పేశాక ఇంకెవరికి చెప్పడానికి భయం?" అంది కొరిన్.

 వెర్నా లేచి కారు తాళాలు తెచ్చి కూతురి ముందు పెట్టింది. "మంచు పడుతోంది. నెమ్మదిగా నడుపు," అని ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది.

కొరిన్ కోటు వేసుకుంటుంటే టెస్ కొంగు దొరకని పిల్లలా ఆమె కోటు అంచు పట్టుకుంది.

"అప్పుడే వెళ్ళకమ్మా. నేను చెప్పేదాకా ఇక్కడే నిలబడి చూడు."

అవతల హెడ్ నర్సు ఫోను మోగుతోంది. ఇద్దరికీ భయంగానే ఉంది. కొరిన్ కూతురి పక్కనే నిలబడి, ఆ పిల్ల పెదవి విప్పేదాకా కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉండిపోయింది.