తడవని ఇటుకలు

"ఆ కట్టకేమన్నా అయితే ముందు నిన్నే పట్టుకుంటార్రా. నా మాట విని ఆ కాపలా పని మానెయ్యి," అంది తల్లి, కొడుకు చేతికి గొడుగు అందిస్తూ.

"అది మట్టికట్టమ్మా, గాజుది కాదు," అని నవ్వుతూ వెళ్ళాడు కొడుకు.

మర్నాడు తెల్లారేసరికి కట్ట తెగింది. అది సాగుకోసం నీరు నిలిపే చెరువు కాదు. కొండల మీంచి విరుచుకుపడే వరదను ఆపి, మెల్లగా కిందికి వదలడానికి వేసిన చిన్న కట్ట. కింది వీధిలో దర్జీ భార్య కొట్టుకుపోయింది. కాపలావాడు నిద్రపోయి, నీరు వదిలే తూము తలుపు ఎత్తలేదన్నారు. కొడుకు ఔననలేదు, కాదనలేదు. పోలీసులు పట్టుకుపోతారన్న భయంతో తల్లి డిటెక్టివ్ గుమ్మం తొక్కింది.

"నిద్రపోయాడని చూసిందెవరు?" అడిగాడు డిటెక్టివ్.

"మా తమ్ముడేనండీ. కట్ట పక్కనే వాడి ఇటుకల బట్టీ. సొంత మేనమామ అబద్ధమాడతాడా అంటున్నారు. జైల్లో వేస్తే మావాడు బతకడండీ, ఇప్పటికే పుల్లలా ఉన్నాడు. అక్కడ జ్వరమొస్తే..."

"ముందు కట్ట చూద్దామమ్మా. జ్వరం సంగతి తర్వాత."

తూము తలుపు పైకెత్తి ఉంది. వరద ఈడ్చుకొచ్చిన కొమ్మలు దాని కింద ఇరుక్కుపోయాయి.

"అంటే వరదొచ్చేసరికే తెరిచి ఉంది!" అన్నాడు అసిస్టెంటు, గురువుగారి వంక అబ్బురంగా చూస్తూ.

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. డిటెక్టివ్ మొహం మాత్రం విప్పారలేదు. కట్ట చివర అలుగు ఉంది; నీరు ఎక్కువైతే పొర్లిపోవడానికి వదిలిన పల్లం. ఆ పల్లపు దారి పొడుగునా తమ్ముడి బట్టీయే పరుచుకుంది. టార్పాలిన్ల కింద పచ్చి ఇటుకల వరసలు చెక్కుచెదరలేదు. పక్కన బట్టీకి ఊక తెచ్చే ఖాళీ గోతాలు బోలెడు ఆరేసి ఉన్నాయి. అసిస్టెంటు ఒకటి తిరగేశాడు. లోపలంతా ఎర్రమట్టి.

"మీకు నష్టమేం రాలేదే?" అన్నాడు డిటెక్టివ్, బట్టీ దగ్గరున్న తమ్ముడితో.

"దేవుడి దయ. ఒక్క ఇటుకా తడవలేదు," అన్నాడు తమ్ముడు.

సాయంత్రం తల్లి ఇంటి ముందుగదిలో అందర్నీ సమావేశపరిచాడు డిటెక్టివ్. కట్ట వేయించిన ఇంజనీరు కుర్చీలో, తమ్ముడు మంచం మీద, కొడుకు గోడవార కూర్చున్నారు. దర్జీ మాత్రం ఎంత పిలిచినా లోపలికి రాక గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఇంజనీరుగారూ, అలుగు ఎంత ఎత్తున ఉంటుంది?"

"కట్టకంటే నడుమెత్తు పల్లంలో."

"అయితే నీరు కట్టెక్కేముందు అలుగు పారాలి. పారితే పచ్చి ఇటుక బురదవ్వాలి. కాలేదు. ఎందుకంటే అలుగుకు మట్టిబస్తాలు అడ్డం వేశారు. దారిలేక నీరు కట్టమీంచి పొర్లి దాన్ని కోసేసింది. నీరు దిగాక బస్తాలు తీసి, మట్టి గుమ్మరించి, గోతాలు ఆరేశారు. లేకపోతే ఊక గోతాంలో మట్టికేం పని? నింద మొయ్యడానికి మేనల్లుడు ఉండనే ఉన్నాడు."

తమ్ముడి మొహం మాడిపోయింది. "బట్టీ మునిగితే నేను రోడ్డున పడేవాణ్ణక్కా. కట్ట తెగుతుందని కలగన్నానా?"

"నీకు నా కడుపున పుట్టినవాడే దొరికాడట్రా?" అని తల్లి గయ్యిమంది. గుమ్మం వైపు తిరిగింది. "విన్నావుగా నాయనా, మావాడి తప్పేం లేదు."

దర్జీ ఆమెను చూడలేదు. కొడుకునే చూస్తున్నాడు.

"తూమెత్తావు. మెలకువగానే ఉన్నావు. మరి అలుగు మూసింది చూళ్ళేదా, బాబూ?"

డిటెక్టివ్ తల దించుకున్నాడు.

"చీకట్లో ఏం కనబడుతుంది! చూసుండడు. చెప్పరా, చూళ్ళేదని చెప్పు," అంది తల్లి.

కొడుకు గోడవార నుంచి లేచి దర్జీ వైపు తిరిగాడు.

"చూడ్డమేంటయ్యా, ఆ బస్తాలు మోసింది నేనే. ఒక్క పూటేగా అన్నాడు మావయ్య."