వంకర కడ్డీ

ఏజెంట్ గద్దకు భయమంటే ఏమిటో తెలియదు. కావాలంటే రాసిపెట్టుకోండి. పక్కన పిడుగు పడ్డా, "ఎవరమ్మా అది?" అని విసుక్కునే రకం.

ఆ మధ్యాహ్నం అతికించిన మీసంతో, ఏసీ మెకానిక్ వేషంలో రైల్వే పార్సిల్ ఆఫీసులో అడుగుపెట్టాడు. చెవిలో చీఫ్ గొంతు.

"స్కానింగ్ గదిలో బాంబు పెట్టె ఉంది. మూత తీస్తే పేలుతుంది. స్టేషన్ నిండా జనం, బయటికి మోసుకెళ్లలేం. స్కాన్ చూసి, సన్నటి రంధ్రం వేసి, లోపలి తీగ తెంపు. ఇంకో మాట. గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు శత్రువుల మనిషి."

ఒకరు స్కానర్ ఆపరేటర్. సాక్షాత్తూ గద్ద అక్క మొగుడు. రెండోది పచ్చ కళ్ళద్దాల మేడమ్, హెడ్డాఫీసు బాంబు ఎక్స్‌పర్ట్.

"వాన పడేలా ఉందా?" అన్నాడు గద్ద.

"నా గొడుగు అప్పుడే తడిసింది," అందామె.

కోడ్ సరిపోయింది. ఇక మిగిలింది బావే. గద్ద అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏంటి బామ్మర్దీ ఆ చూపు? ముందు మీసం చూసుకో, ఊడుతోంది," అన్నాడు బావ. "ఈ మెషిన్‌కో జబ్బుంది. తిన్నటి వస్తువుని కూడా విల్లులా వంచి చూపిస్తుంది. అందుకే పక్కన తిన్నటి కడ్డీ పెడతాం. కడ్డీ బొమ్మ తిన్నగా అయ్యేలా కంప్యూటర్ మొత్తం బొమ్మని సాపు చేస్తుంది."

"కడ్డీ నేనే తెచ్చాను," అంది మేడమ్.

తెరమీద తీగ కనిపించింది. దాని పక్కనే ఆసిడ్ బుడ్డి. అది పగిలితే అంతే సంగతులు. మేడమ్ తీగ మీద ఎర్రచుక్క పెట్టింది. "మీరు కానివ్వండి. నేను బయట జనాన్ని చూస్తాను."

గద్ద డ్రిల్ అందుకున్నాడు. చేతులు గజగజలాడాయి. భయం తెలియదన్నానా? అన్నాను. చొక్కా పిండితే బిందె నిండేది!

వణుకు ఆపుకోడానికి ఓ స్టీలు స్కేలు పెట్టెకు ఆనించి పట్టుకున్నాడు. స్కేలుకీ పెట్టె అంచుకీ మధ్య వెంట్రుక దూరదు. తెరమీద మాత్రం అదే అంచు బొజ్జ పెట్టి ఉంది.

"బావా, సాపు చేశాక కూడా ఇదెందుకు ఉబ్బింది?"

"కడ్డీ తిన్నగా ఉంటే ఉబ్బకూడదే!" అన్నాడు బావ. గద్ద ఆ కడ్డీని గాజుబల్ల మీద దొర్లించాడు. సాఫీగా దొర్లాల్సింది కుంటుకుంటూ పోయింది. కంటికి ఆనని వంకర! అది తిన్నగా ఉందని నమ్మిన మెషిన్ లోపల ఉన్నవన్నీ పక్కకి జరిపి చూపించింది.

గడప దాటబోతున్న మేడమ్ వెనక్కి తిరిగి లిప్‌స్టిక్ తీసింది. అందులో పిస్తోలు. బావ తను కూర్చునే చక్రాల కుర్చీని ఆమె మీదికి ఒక్క తన్ను తన్నాడు. కళ్ళద్దాలొక చోట, మేడమ్ ఒక చోట పడ్డారు. గద్ద బేడీలు వేశాడు.

"బావా, పెట్టె అంచునే కడ్డీ అనుకో. మళ్ళీ సాపు చెయ్!"

తెరమీద తీగ గోరంత పక్కకి జరిగింది. ఇందాకటి ఎర్రచుక్క కింద ఉన్నది ఆసిడ్ బుడ్డి.

డ్రిల్ దిగింది. తీగ తెగింది. బాంబు గడియారం ఒక్క సెకను దగ్గర ఆగింది.

"ఇందాక నన్నే అనుమానించావు కదూ? మీ అక్కతో చెప్తానుండు."

"బాబ్బాబు, వద్దు బావా!" బాంబు ముందు కూడా అంత వణకలేదు గద్ద.

ఇందులో ఒకటి నేను కల్పించాను, ఒప్పుకుంటున్నాను. లిప్‌స్టిక్ పిస్తోలు నిజమే. కల్పించింది ఆ ఒక్క సెకను. గడియారంలో ఇంకా పావుగంట ఉంది. ఆ మాట ముందే చెబితే మీరింతదాకా ఊపిరి బిగబట్టి చదివేవాళ్ళా?