తెల్ల వీపు, ఊదా మెడ

"ఆ కుండీ వదలండి. అది నాది."

"మీదని దాని మీద రాసుందా?"

"రాసే ఉండింది. వాన కడిగేసింది."

నర్సరీలో ఆకుపచ్చ వల పందిరి కింద ఒకే మొక్కను ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు. వల పందిరి ఎండని ఆపుతుంది గానీ వానని ఆపదు కదా! ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

అబ్బాయిది కళ్ళజోళ్ళ షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి "ఈ అక్షరం కనిపిస్తోందా? పోనీ ఇది?" అని అడగడమే పని. అలాంటివాడికి తన అద్దాల మీద నీళ్ళు కారుతుంటే ఎదురుగా ఉన్నది మనిషో మబ్బో తెలియలేదు. కళ్ళజోడు తీసి, తడి చొక్కాకే తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

కనిపించింది. బాగా కనిపించింది. కుండీ వదిలేశాడు.

లాగుతున్నది లాగుతున్నట్టే అమ్మాయి వెళ్ళి బురదలో చతికిలపడింది.

"వదలమంటే ఇలాగా వదిలేది?" అంది కూర్చునే.

"మీరే కదండీ వదలమన్నారు!"

నర్సరీ ఆయన గోనెసంచి నెత్తిన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎందుకండీ కొట్టుకుంటారు? రెండోది ఇదిగో. రెండూ కింగ్ పామ్‌లే. ఒకటి అలెగ్జాండ్రా, ఒకటి పర్పుల్. ఏది ఏదంటే మాత్రం నన్నడక్కండి. చిన్నప్పుడు అన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"మా నాన్నకి అలెగ్జాండ్రానే కావాలి," అంది అమ్మాయి.

"మా అమ్మకి పర్పులే కావాలి," అన్నాడు అబ్బాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో ఈ మాట ఇంత పట్టుదలగా అనే ఇళ్ళు రెండే రెండు.

"కొంపదీసి మీరు బ్రేకులాయన కూతురా?"

"అయితే మీరు అనౌన్సరమ్మ కొడుకా?"

ఇక్కడ కాస్త ఆగి ఆ పెద్దల సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మీరు నమ్మరు. అమ్మాయి నాన్న డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. కారు లేకపోయినా సరే, కంగారు పుడితే కుడికాలు నేలకేసి గట్టిగా నొక్కుతాడు. అబ్బాయి అమ్మ రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా చేసింది. కోపమొస్తే ఇప్పటికీ "దయచేసి వినండి" అనే మొదలుపెడుతుంది. ఇద్దరూ పామ్ చెట్ల సంఘంలో సభ్యులు. ఒకనాటి మీటింగులో పెరటికి ఏ కింగ్ పామ్ మేలని చర్చ వచ్చింది. ఆకు తిరగేస్తే వెండిలా తెల్లగా మెరిసే అలెగ్జాండ్రాని మించింది లేదని ఆయన. కాండం పైన నున్నటి మెడ ఊదారంగులో ఉండే పర్పుల్ ముందు మిగతావన్నీ గడ్డిపోచలని ఆమె. మాటా మాటా పెరిగి టీ కప్పులు పగిలాయి. ఆ తర్వాత ఎదురుపడితే చాలు, ఉప్పూ నిప్పూ.

ఇద్దరూ ఏకీభవించిన విషయం ఒక్కటే ఉంది. సందుకి నాలుగు చొప్పున కనిపించే మెడా పచ్చన, ఆకు రెండువైపులా పచ్చన ఉండే సాదాసీదా కన్నింగ్‌హామ్ రకం పెంచేవాళ్ళు మనుషులే కాదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు అబ్బాయి. "చెరొకటి తీసుకెళ్దాం. పెరిగాక తేడా తెలుస్తుంది కదా, అప్పుడు కావాలంటే మార్చుకుందాం. అప్పటిదాకా వారం వారం మీ మొక్క చూడ్డానికి వస్తాను."

"మీరు ఎవరబ్బాయో తెలిస్తే మా నాన్న గేటు దగ్గరే బ్రేకేస్తాడు."

"మరి?"

అమ్మాయి చున్నీ పిండుకుంటూ ఆలోచించింది. "మా నాన్నకి కళ్ళజోడుంది," అంది.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున్నే బ్రేకులాయన కళ్ళజోడు మర ఊడిపోయేది. ఎందుకు ఊడుతుందో ఆయనకి అంతుపట్టేది కాదు. కూతురు షాపుకి ఫోన్ చేసేది. అబ్బాయి బుల్లి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఐదు నిమిషాల్లో వాలిపోయేవాడు. ఆయన కళ్ళజోడు విప్పి బల్లమీద పెట్టి, "ఒక్క నిమిషం అంకుల్, మర దొరకడం లేదు," అని పెరట్లోకి వెళ్ళేవాడు. మర పెరట్లో ఎందుకుంటుందని ఆయన ఒక్కసారీ అడగలేదు.

పెరట్లో ఇద్దరూ చెరోవైపు కూర్చుని ఆకు ఎత్తి అడుగుభాగం చూసేవాళ్ళు.

"తెల్లగా ఉందా?"

"ఇంకా పచ్చగానే ఉంది. అటువైపు నుంచి చూడు."

"ఇటూ పచ్చగానే ఉంది. వచ్చే వారం చూద్దాం."

అమ్మాయిది కేకుల షాపు. శాంపిల్ కేకు ఇచ్చే వంకతో అబ్బాయి ఇంటికీ వెళ్ళేది. అనౌన్సరమ్మ కేకు తింటూ, "ఈ పిల్లలాంటి కోడలు దొరికితే చాలురా," అనేది. అనేసి వెంటనే, "తెల్ల వీపు వాళ్ళింటి పిల్ల మాత్రం ఈ గడప తొక్కకూడదు," అనేది. అక్కడ బ్రేకులాయనా అంతే. "ఇంత ఓపికగల కుర్రాణ్ణి నేను చూడలేదు. పిల్లనిస్తే ఇలాంటివాడికే ఇవ్వాలి. ఆ పర్పుల్ కొంపకి మాత్రం ఇవ్వను," అని కాలు నేలకి నొక్కేవాడు.

మూడేళ్ళు గడిచాయి. మీరు, గారు ఎప్పుడో పోయి నువ్వు, నేను మిగిలాయి. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. అయినా ఇటు మెడ ఊదారంగు తిరగలేదు, అటు ఆకు తెల్లబడలేదు.

"ఈ వారంలో రంగు తిరగకపోతే పీకి పారేస్తాను," అంది అనౌన్సరమ్మ.

ఈ మొక్క పోతే మార్చుకునే వంక పోతుందని, దాంతో ఆదివారం పోతుందని అబ్బాయి లెక్కేశాడు. ఆదివారం పోతే ఇక బతికేం లాభం? ఆ సాయంత్రమే కేకుల షాపుకి వెళ్ళి, "ఊదారంగు కేకు కలర్ ఒక సీసా ఇవ్వు. చుట్టాలింట్లో పుట్టినరోజు," అన్నాడు. తర్వాత ప్రతి వారం ఎవరో ఒక చుట్టం పుడుతూనే ఉన్నాడు. అమ్మాయి ఏమీ అడక్కుండా సీసా ఇచ్చేది. అది పూసిన రంగని తెలియక, చెట్టు మెడ చూసి అనౌన్సరమ్మ మురిసిపోయింది.

చిత్రంగా అదే రోజుల్లో బ్రేకులాయన ఇంట్లోనూ ఆకు అడుగు తెల్లబడింది. దాంతోపాటు ఎర్రచీమలు బారులు తీరి చెట్టెక్కడం మొదలైంది.

"చూశావా బాబూ! చీమలకి కూడా తెలుసు ఏది మేలురకమో," అన్నాడాయన.

అబ్బాయి ఆకు మీద వేలు రాసి నాలుక్కి తగిలించుకున్నాడు. తియ్యగా ఉంది. అమ్మాయి ఎటో చూస్తూ నిలబడింది.

ఇంతలో సంఘం వార్షిక ప్రదర్శన వచ్చింది. రెండు చెట్లనీ పెద్ద తొట్లతో సహా బండి మీద హాలు ముందుకి చేర్చారు. ఇక దాచడం ఎంతమాత్రం కుదరదు, ఇవాళే పెద్దలిద్దరికీ చెప్పేద్దామని పిల్లలు నిర్ణయించుకున్నారు. ఒప్పుకుంటే పెళ్ళి, లేదంటే ఇద్దరూ చెరో దారి. పెద్దల్ని కాదని వెళ్ళే గుండె ఇద్దరికీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తొట్లు పక్కపక్కన పెట్టారు. బ్రేకులాయన ఇటు నిలబడి అటు చూశాడు.

"ఏం బాబూ, ఆవిడ పక్కన నిలబడ్డావేం? ఇటు రా."

"ఆవిడ మా అమ్మ అంకుల్."

బ్రేకులాయన కుడికాలు నేలలో దిగబడింది.

"దయచేసి వినండి!" అంది అనౌన్సరమ్మ. హాలు ఆవరణంతా మారుమోగింది. "ఈ కేకుల పిల్ల ఆయన కూతురా?"

"అవునాంటీ. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. మీరిద్దరూ సరేనంటేనే."

"వల్లకాదు!" అని ఇద్దరు పెద్దలూ ఒకే గొంతుతో అన్నారు. మూడేళ్ళలో వాళ్ళు కలిసి అన్న మొదటి మాట అదే.

అబ్బాయికి ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గుపడకుండా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంటూ తల దించుకుంది.

సరిగ్గా అప్పుడే వాన. చిటపటలు లేవు, ఏమీ లేవు, బిందెలతో గుమ్మరించినట్టు. సభ్యులంతా కుర్చీలు నెత్తిన పెట్టుకుని హాల్లోకి పరుగెత్తారు. తమ తమ చెట్లను వదలలేక ఈ నలుగురూ అక్కడే ఉండిపోయారు.

ముందు ఊదారంగు కారింది. మెడ మీంచి కాండం మీదికి, కాండం మీంచి అనౌన్సరమ్మ తెల్లచీర కుచ్చిళ్ళ మీదికి. తర్వాత గాలికి ఆకులు తిరగబడి, పక్క చెట్టు మీంచి చిక్కటి తెల్లటి పాకం బ్రేకులాయన బట్టతల మీదికి చుక్కలు చుక్కలుగా జారింది. ఆయన ఒక చుక్క నాలుకతో అందుకుని చూశాడు.

"పంచదార," అన్నాడు నీరసంగా.

వాన రెండు చెట్లనీ శుభ్రంగా కడిగేసింది. మెడ పచ్చన, ఆకు ముందూ వెనకా పచ్చన. ఏ తేడా లేని కవలపిల్లల్లా రెండూ నిలబడ్డాయి.

అనౌన్సరమ్మ ఇటు చూసి అటు చూసింది. ఆవిడ గొంతు మొట్టమొదటిసారి గుసగుసగా వచ్చింది. "ఇది... కన్నింగ్‌హామ్."

"మీదీ అదే," అన్నాడు బ్రేకులాయన.

"మూడేళ్ళు దీనికి పొద్దున్నే పాటలు పాడాను."

"నేను రోజూ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాను. అదీ కన్నింగ్‌హామ్‌కి!"

హాల్లోంచి ఎవరో అరిచారు. "వాన తగ్గుతోంది! వస్తున్నాం, మొదటి బహుమతి మీ ఇద్దరిలో ఒకరికే!"

పెద్దలిద్దరూ బిక్కచచ్చిపోయారు. ఇది బయటికి పొక్కితే ఊళ్ళో తలెత్తుకుని తిరగడం ఎలా?

"మీవాడు ఎక్కడైనా నోరు జారితే?" అన్నాడాయన.

"మీ పిల్ల షాపులో కేకులు కట్టిస్తూ కబుర్లు చెబితే?" అందావిడ.

ఇద్దరూ పిల్లలకేసి చూశారు. పిల్లలు తడిసిన పిట్టల్లా నిలబడి ఉన్నారు.

"ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలంటే," అంది అనౌన్సరమ్మ నెమ్మదిగా, "ముందు ఒకే ఇల్లు అవ్వాలి కదా... అన్నయ్యగారూ!"

బ్రేకులాయన కాలు ఎత్తాడు. అంటే బ్రేకు తీసినట్టే. "అలాగే చెల్లెమ్మా. తొందరగా మీ గొడుగుతో ఆ మెడ కప్పేయండి. నేను ఆకులు చుట్టేస్తాను."

సభ్యులు వచ్చేసరికి రెండు చెట్లూ తువాళ్ళు, గొడుగులు, కోటు కప్పుకుని ఉన్నాయి. అనౌన్సరమ్మ గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి! మా అబ్బాయికి, వీరి అమ్మాయికి పెళ్ళి నిశ్చయమైన సందర్భంగా రెండు చెట్లనీ పోటీ నుంచి విరమించుకుంటున్నాం. వధూవరుల ఇంటి ముందు నాటుతాం. ఎవరూ ముట్టుకోకండి!"

చప్పట్లు మోగాయి. ఈ త్యాగానికి సభ్యుల్లో ఇద్దరు ముసలాళ్ళు కళ్ళొత్తుకున్నారు కూడా.

పెద్దలు చెట్లను బండెక్కించే హడావుడిలో ఉండగా, హాలు వెనక చూరు కింద అబ్బాయి చెప్పాడు.

"నీకో సంగతి దాచాను. తిట్టకు. మనం కుండీ దగ్గర కొట్టుకున్న మర్నాడే నర్సరీకి మళ్ళీ వెళ్ళాను. ఆయన పొరపాటున కన్నింగ్‌హామ్‌లు ఇచ్చాడట. అసలైనవి షెడ్డు వెనక ఉండిపోయాయి, తీసుకెళ్ళమన్నాడు. నేనే వద్దన్నాను."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. "ఎన్నింటికి వెళ్ళావు?"

"సాయంత్రం."

"నేను పొద్దున్నే వెళ్ళాను. నాకూ అదే చెప్పాడు. నేనూ వద్దన్నాను."

అబ్బాయి నోరు వెళ్ళబెట్టాడు. "తెలిసి తెలిసి, మూడేళ్ళ పాటు ఆ ఆకు ఎత్తి ఏం చూశావు?"

"ఆకు ఎత్తితేనే కదా," అంది అమ్మాయి అతని కళ్ళజోడు తీసి, తన తడి చున్నీతోనే తుడుస్తూ, "అటువైపు నువ్వు కనిపించేది."