రెండోసారి లెక్క

మా మ్యూజియం నేలమాళిగకి కిటికీలు లేవు. పగలైనా రాత్రైనా అక్కడ అదే ట్యూబులైటు, అదే కలరా ఉండల వాసన. మా ఊరు పొపాయాన్‌లో మధ్యాహ్నప్పూట వాన పడుతోందని, పైనుంచి ఎవరో తడిసిన గొడుగుతో దిగొస్తేనే మాకు తెలిసేది.

ఆ గదిలో మూడు వారాలుగా నేనూ, విల్మార్ అనే ఇంజినీరూ, ఒక ఎక్స్‌రే మిషనూ కాపురం చేస్తున్నాం. నూరేళ్ళుగా సొరుగుల్లో పడుకున్న పిట్టల్ని ఒక్కొక్కటే మరచెయ్యి తీసుకెళ్ళి సీసం తలుపు వెనక పెడుతుంది. మిషన్ దాన్ని తిప్పి తిప్పి బొమ్మలు తీసి, లోపలి ఎముకల్నీ, వేటలో దిగిన తుపాకీ సీసపు రవ్వల్నీ లెక్కపెడుతుంది. తప్పు దొర్లకూడదని ప్రతి పిట్టనీ రెండుసార్లు లెక్కపెడుతుంది. రెండు లెక్కలూ కలిస్తే తెర మీద పచ్చ చుక్క, కలవకపోతే ఎర్ర చుక్క.

మొత్తం పిట్టలు రెండువేల నాలుగు వందల పన్నెండు. పచ్చ చుక్కలు రెండువేల నాలుగు వందల పదకొండు.

ఇంకా మిషన్ ఎక్కకుండా మిగిలిన ఆ ఒక్కటీ నా ప్రాణం తోడేసింది. శుక్రవారం సాయంత్రానికి మిషన్‌ని వేరే ఊరు పంపాలి. ఒక్క ఎరుపు మిగిలినా నా ఉద్యోగం ఖాయం చెయ్యమని పైవాళ్ళకి రాయలేనని డైరెక్టరమ్మ ముందే చెప్పేసింది. పదకొండేళ్ళ నుంచీ ఏడాదికోసారి సంతకం పెట్టించుకునే ఉద్యోగం నాది. ఈసారి ఖాయం కాకపోతే ఇంటికే. ఆ చచ్చిన పిట్ట మీద నాకు ఎంత మంట పుట్టిందో మాటల్లో చెప్పలేను.

దాన్ని మా కొండల్లో కొంప్రాపాన్ అంటారు. 'రొట్టె కొనుక్కో' అన్నట్టుగా మూడు ఈలలు వేస్తుంది. కూత అందరూ వింటారు, కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ. ఇది ఎవేలియో వాళ్ళ తాత కొట్టి, ఒలిచి, దూది కూరిన పిట్ట. ఎవేలియో అంటే మా దగ్గర పిట్టల చర్మాలు సిద్ధం చేసే పెద్దాయన. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. పిట్ట కాలికి కట్టిన చీటీ మీద వాళ్ళ తాత చేతిరాత ఇంకా చెరగలేదు. 'రవ్వలు ఏడు.'

ఒలిచినప్పుడు దొరికిన రవ్వల్ని మళ్ళీ ఎక్కడివక్కడే పెట్టి కుట్టెయ్యడం వాళ్ళింటి పద్ధతట. లెక్క మాత్రం చీటీ మీద రాస్తారు. అలా రాయడం ఎందుకో శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ ఆయనే చెప్పాడు.

"ఒకసారి రాశాక ఇంకెవరూ లెక్కపెట్టకూడదమ్మా. పెడితే అవి వేరే ఒంటిని వెతుక్కుంటాయి. ఇక్కడున్నవాటిలో మా తాత పిట్ట ఇదొక్కటే. దాన్నొదిలెయ్."

"పెద్దాయనా, ఇది మిషను. దానికి మీ తాత ఎవరో తెలీదు."

"దానికి తెలీదు సరే. మీట నొక్కేది నువ్వేగా."

నాకు ఒళ్ళు మండింది. ఆయన చూస్తుండగానే మీట నొక్కాను. కప్పు అక్కడ పెట్టేసి, ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మరచెయ్యి సన్నగా మూలుగుతూ పిట్టని లోపలికి తీసుకెళ్ళింది. సీసం తలుపు మూసుకుంది. మొదటి లెక్క, ఆరు. తాత లెక్క తప్పాడనుకుని నవ్వుకున్నాను. అప్పుడే ఎడమ భుజం మీద చురుక్కుమంది. నల్లి కుట్టినట్టు. రెండో లెక్క, అయిదు. ఈసారి చంక కింద చురుక్కుమంది. తెర మీద ఎర్ర చుక్క.

బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ రెక్క మొదట్లో ఉండాల్సిన రవ్వ లేదు. ప్రక్కటెముకల దగ్గరది కూడా లేదు. రాలిపోయాయేమోనని పళ్ళెం తీసి చూశాను. దూది పోగు కూడా రాలలేదు. చర్మం మీద కుట్లు కుట్లలాగే ఉన్నాయి.

"బొమ్మ తీసేటప్పుడు కదిలిందేమో అక్కా," అన్నాడు విల్మార్.

"చచ్చి తొంభై ఏళ్ళయిన పిట్ట ఎలా కదుల్తుంది తమ్ముడూ?"

చుట్టూ స్పాంజీ బిగించి మళ్ళీ పెట్టాను. నాలుగు. మూడు. మళ్ళీ ఎరుపు. వీపు మీద ఒకటి, రొమ్ము పక్కన ఒకటి... చురుక్, చురుక్. జేబురుమాలు పెట్టి ఒత్తి చూశాను. రక్తం లేదు. ఆవగింజంత ఎర్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి.

గదిలో కలరా ఉండల వాసన పోయింది. ఏదో కాలిన వాసన. తుపాకీ మందు కాలిన వాసన... వైరు కాలుతోందా అని విల్మార్‌ని అడిగాను. తనకేం వాసన రావట్లేదన్నాడు.

అప్పుడు వినపడింది. సీసం తలుపు వెనక నుంచి. మూడు ఈలలు. మెల్లగా...

"విన్నావా?"

"ఏంటి?"

"ఏం లేదు."

భయపడి ఉంటే బాగుండేది. నాకు వచ్చింది కోపం. పదకొండేళ్ళ కోపమంతా ఆ ఒక్క పిట్ట మీదికి వచ్చింది. రెండు లెక్కలూ కలిసేదాకా ఆగకుండా తీస్తూనే ఉండమని మిషన్‌కి చెప్పేసి, విల్మార్‌ని కాపలా పెట్టి, గొడుగు పట్టుకుని బయటపడ్డాను. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. నా వంతు ఆ మధ్యాహ్నమే.

క్లినిక్ బెంచీ మీద కూర్చున్నాక కంఠం దగ్గర చురుక్కుమంది. కాసేపటికి మెడ మీద. ఈసారి గట్టిగా. పక్కనున్నావిడ తింటున్న ఎంపనాడా వాసనని దాటుకుని అదే తుపాకీ మందు వాసన వచ్చింది. వేళ్ళతో తడుముకుంటూ లెక్కపెట్టబోయి... చెయ్యి తీసేశాను.

విల్మార్‌కి ఫోన్ చేశాను. "ఎంతొచ్చింది?"

"రెండు, ఒకటి. మిగిలిందొక్కటే అక్కా. గుండె దగ్గరిది. పిట్ట మళ్ళీ లోపలికి వెళ్ళబోతోంది."

"ఆపు."

"నువ్వే కదా కలిసేదాకా ఆపొద్దన్నావు. ఇంకొక్కసారి తీస్తే సున్నా, ఆ తర్వాత సున్నాకి సున్నా. కలిసిపోతాయి. నీ ఉద్యోగం..."

"విల్మార్, నీకు దణ్ణం పెడతాను. ఆ ఎర్ర మీట నొక్కు. పిట్టని బయటికి తీసి సొరుగులో పెట్టి తాళం వెయ్యి."

ఫోన్‌లో మరచెయ్యి మూలుగు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆగింది. ఆపేశానన్నాడు. ఉద్యోగం పోయిందని అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాను.

కాసేపటికి ఛాతీ ఎక్స్‌రే తీసి బయట కూర్చోమన్నారు. తర్వాత డాక్టరే లోపలికి పిలిచాడు. ఒర్దోన్యెస్ అని కొత్తగా వచ్చిన కుర్రాడు. బల్ల మీద అద్దపు ఫ్రేములో భార్యా, పసిపాప ఫోటో. తెర మీద నా ఎముకలు. వాటి మధ్య తెల్లటి గుండ్రటి చుక్కలు.

"మీకెప్పుడైనా తుపాకీ దెబ్బ తగిలిందా అండీ? ఇవి వేట రవ్వల్లా ఉన్నాయి. ఆరు."

లేదన్నాను. గొలుసులు, పూసలు ఏమైనా వేసుకున్నారా అన్నాడు. లేదన్నాను. మిషన్‌కేదో రోగమొచ్చిందని విసుక్కున్నాడు. నేను పొద్దుట్నుంచీ విసుక్కున్నట్టే.

"ఇంకోసారి తీసి లెక్క సరిచూద్దాం. రండి."

అప్పుడు చెప్పాల్సింది. వద్దు డాక్టరుగారూ, ఒకసారి లెక్కపెట్టారు, ఇక పెట్టకండి అని. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎవేలియో మొహం కళ్ళముందుకొచ్చింది. ఆ ఫోటోలో పసిపాప కూడా కనపడింది.

వెళ్ళి ఎక్స్‌రే పలకకి ఛాతీ ఆనించి నిలబడ్డాను.

బొమ్మ తెర మీదికొచ్చింది. డాక్టర్ పెన్ను చివరతో ఒక్కొక్కటే చూపిస్తూ పెదాలు కదిపాడు. అయిదు దగ్గర ఆగిపోయాడు. నా ఎడమ భుజంలో నొప్పి పోయింది. చేత్తో తీసేసినట్టు.

"ఇదేంటి, అయిదే ఉన్నాయి. మూడోసారి తీద్దాం," అన్నాడు, ఎడమ భుజం గోక్కుంటూ.

నేను అప్పటికే పలక వైపు తిరిగాను. ఊపిరి బిగపట్టాను.

ఎక్స్‌రే గది తలుపు అవతల నుంచి ఈల వినపడింది. మూడుసార్లు. పొద్దుట్నుంచీ అది నాకొక్కదానికే వినిపిస్తోంది.

డాక్టర్ మీట మీద వేలుంచి అటు తిరిగాడు.

"ఏం పిట్ట అది?" అన్నాడు.