గోదావరి మీద నీడ గీత

ఇంజనీరు వెంకటనారాయణను ఖమ్మం స్టేషన్‌లో పట్టపగలే కాల్చేశారు. రైలు కూత పిస్టల్ చప్పుడును మింగేసింది.

మర్నాడే హైదరాబాద్‌లో చీఫ్ గదిలో ఏజెంట్ జైరాంకు బ్రీఫింగ్.

"విదేశీ ముఠా ఒకటి భద్రాచలం అడవుల్లో చిన్న విమానం దాచింది. కర్ర బాడీ, దానిమీద రేడియో తరంగాల్ని పీల్చేసే పూత. మామూలు రాడార్ తరంగం పంపి, తగిలి తిరిగొచ్చేదాన్ని పట్టుకుంటుంది. దీన్నుంచి తిరిగొచ్చేది ఏమీ ఉండదు. శ్రీరామనవమి నాడు బాంబుతో భద్రాచలం బ్రిడ్జి మీదికి వస్తుంది."

"కల్యాణానికొచ్చిన జనం బ్రిడ్జి నిండా ఉంటరు సార్!"

"అందుకే ఆ రోజు ఎంచుకున్నారు. వెంకటనారాయణ తయారుచేసింది ఫార్వర్డ్ స్కాటరింగ్ రాడార్. ట్రాన్స్‌మిటర్ ఒక గట్టున, రిసీవర్ ఎదుటి గట్టున. మధ్య గీతను ఏది దాటినా దాని నీడ రిసీవర్‌లో పడుతుంది. వెలుగును మింగే నల్లగుడ్డకైనా నీడ తప్పదు కదా! ఆయన్ను చంపేస్తే రాడార్ ఆగిపోయిందనుకుంటున్నారు. సెట్ అప్పటికే గోదావరి చేరింది."

"లోపం?"

"గీత దాటితేనే దొరుకుతుంది. పక్కనుంచి పోతే రాడార్ గుడ్డిదే. విమానాన్ని గీత మీదికి తెచ్చే మనిషి ముఠాలోనే ఉంది."

పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రమీలారాణి. సత్తుపల్లి మోతుబరి రైతు బిడ్డ. ట్రైనింగ్‌లో జైరాంతోపాటు ఉంది. ఇద్దరూ పెళ్లిమాట అనుకున్న నెలలోనే డిపార్ట్‌మెంట్ ఆమెను ముఠాలోకి పంపింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

దుమ్ముగూడెం రేవులో జైరాం తునికాకు కాంట్రాక్టర్ వేషంలో నిలబడ్డాడు. తెల్ల లాల్చీ, నోట్లో కిళ్ళీ. జీపు ఆగింది. నల్లకళ్ళద్దాలు, సిల్కు చీరతో ఆమె దిగింది.

"ఆకు ఎర్రబడ్డదా, సేట్?"

"ఇంకా లేతగనే ఉంది."

కోడ్ కుదిరింది. ఇద్దరూ పగిడయ్య పడవెక్కారు. పగిడయ్య డిపార్ట్‌మెంట్‌కు నమ్మకమైన మనిషి. వాళ్లకు వీపు పెట్టి తెడ్డు వేస్తున్నాడు. నది నడిమికొచ్చాక ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇంజనీరుని స్టేషన్‌లో వాళ్లకి చూపించింది నేనే, జైరాం."

అతను కిళ్ళీ నమలడం ఆపేశాడు.

"నామీద అనుమానమొచ్చింది వాళ్లకి. చూపించకపోతే ఆయనతోపాటు నన్నూ చంపేటోళ్లు. బ్రిడ్జి సంగతి మీదాకా వచ్చేది కాదు. అట్లా సర్దిచెప్పుకున్నా. ఆయన నన్ను చూసి, తెలిసినామె అనుకొని నవ్విండు. ఆ మొఖమే కళ్ళ ముందు తిరుగుతాంది."

 జైరాం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్ విమానం ఎక్కకు. పైలట్‌కు మ్యాప్ మీద దారి గీసియ్యి. నేలమీదే ఉండిపో."

"ఉండిపోతాలే." చీర కొంగులోంచి కుంకుమ భరిణె తీసి చూపించింది. లోపల బుల్లి ట్రాన్స్‌మిటర్. "నేలమీద ఉంటే మూడుసార్లు టిక్కుమనిపిస్తా. గుండె దిటవు చేసుకో."

నవమి నాడు పోడు మంటల పొగ నది మీద దట్టంగా పరుచుకుంది. ఎదుటి గట్టే కనిపించడం లేదు. బ్రిడ్జికి కాస్త ఎగువన, తునికి కొమ్మల చాటున విమాన విధ్వంసక గన్ సిద్ధంగా ఉంది. దాని గొట్టం గీత పొడవునా గురిపెట్టి ఉంది. రిసీవర్ ముందు జైరాం, చెవులకు హెడ్‌ఫోన్స్. పక్కన పగిడయ్య ట్రాన్సిస్టర్ రేడియోలో కల్యాణ వ్యాఖ్యానం సాగుతోంది.

భరిణె చప్పుడు రాలేదు.

రిసీవర్ సూది సన్నగా వణికింది. ఊపు పెరిగింది. ఊపు పెద్దదవుతూనే దాని వేగం తగ్గసాగింది. విమానం గీతకు దగ్గరవుతున్న గుర్తు అది.

"సాబ్, ఫైర్?" గన్ దగ్గర హవల్దార్ అరిచాడు.

"ఆగు!"

ఆమె నేలమీదే ఉందేమో, ఇప్పుడైనా టిక్కుమంటుందేమో! ట్రాన్సిస్టర్‌లో మంగళవాద్యాలు మోగాయి.

"సాబ్! దాటిపోతే బ్రిడ్జే!"

హెడ్‌ఫోన్స్‌లో టిక్కుమంది. ఒక్కసారే. రెండోది రాలేదు, మూడోది రాలేదు. విమానాన్ని గీత మీదికి తేవడానికి ఆమె పైలట్ పక్కనే కూర్చుని ఉంది. ఇప్పుడే కాల్చు, అంటోంది.

"ఫైర్!" అన్నాడు జైరాం. ఆ గొంతు తనదేనా అనిపించింది.

పొగ నడుమ ఎర్రటి వెలుగు. నది దద్దరిల్లింది. సూది మెల్లగా సున్నా దగ్గరికొచ్చి నిలిచిపోయింది.

సాయంత్రందాకా పడవలో వెతికారు. మాడిన కర్రముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. పగిడయ్య తెడ్డు ఆపి అడిగాడు.

"ఆ తల్లి నీకేమైతది సారూ?"

  జైరాం మొహం పక్కకు తిప్పుకొని, రెండు చేతులతో నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. పగిడయ్య మళ్లీ తెడ్డు అందుకున్నాడు.

గట్టు చేరేసరికి వైర్‌లెస్‌లో చీఫ్ లైన్‌లో ఉన్నాడు.

"రాడార్ పాసైంది జైరాం. ఆ పేలుడు గురించి ప్రెస్‌కు ఏం చెప్పాలి?"

"ఏం చెప్పకుండ్రి సార్," అన్నాడు జైరాం. "జనం బాణాసంచా అనుకున్నరు. ఈసారి ఉత్సవ కమిటీవాళ్లు బాగ ఖర్చు పెట్టిండ్రని మెచ్చుకుంటున్నరు."